ఊరు లేని భక్తి

దేవుణ్ణి మనసులో పెట్టుకుంటే చాలదా, ఆయనకు వీధి కూడా కావాలా? విదేశంలో స్థిరపడాలనుకునేవాళ్లు వీసా గురించి, జీతం గురించి అడిగినంతగా ఈ మాట అడగరు. ఫ్రాన్స్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. 1905 నాటి చట్టంతో అక్కడ మతం వేరు, ప్రభుత్వం వేరు అయ్యాయి. ఎవరి దేవుణ్ణి వాళ్లు కొలుచుకోవచ్చు. సర్కారు మాత్రం ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతానికీ పైసా ఇవ్వదు. సర్కారు బడుల్లో పిల్లలు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు ధరించకూడదని 2004లో ఇంకో చట్టం వచ్చింది. మతమంటే మనిషి లోపలి విశ్వాసం అన్న భావన వీటన్నిటికీ పునాది. చర్చి పెత్తనంతో తరతరాలు పోరాడిన సమాజం ఆ నిర్ణయానికి రావడం న్యాయమే. నా తగాదా ఆ చట్టంతో కాదు. కానీ మన పల్లె ధర్మం లోపలి విశ్వాసంగా కుదించడానికి వీలయ్యేది కాదు. అక్కడ కాపురం పెట్టే మనిషికి దినదినమూ జరిగే నష్టం ఇక్కడే మొదలవుతుంది.

నిజామాబాద్ జిల్లా ఏర్గట్లలో పసుపూ మక్కా పండించే రైతును నీ విశ్వాసం ఏమిటని అడిగితే సిద్ధాంతం చెప్పడు, చేసే పని చెప్తాడు. పోచమ్మకు బోనం ఎప్పుడు తీస్తారో, పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఎవరికిస్తారో, దసరా నాడు జమ్మి ఆకు మొదట ఎవరి చేతిలో పెట్టాలో, మనిషి పోయిన మూడో నాడు పిట్టకు ఎక్కడ పెట్టాలో చెప్తాడు. వీటిలో ఒంటరిగా అయ్యేది ఒక్కటీ లేదు. బోనానికి బాట కావాలి, డప్పు కావాలి. బతుకమ్మను ఒక్కతే పేర్చగలదు గానీ ఒక్కతే ఆడలేదు. ఆడాక చెరువు కావాలి. నిజామాబాద్ ఎంత పెరిగినా ఆషాఢంలో జరిగే ఊర పండుగ ఏ ఒక్క ఇంటి మొక్కూ కాదు, ఊరంతటి మొక్కు. చావు దగ్గర ఈ తేడా మరీ నొప్పిగా తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో ప్రాణం పోయి 24 గంటలు గడవనిదే దహనం చేయరాదు. ఆరుబయట చితి పేర్చనివ్వరు. అస్థికలు ఇంట్లో ఉంచుకోవడానికి 2008 చట్టం ఒప్పుకోదు. అన్నీ మర్యాదగానే జరుగుతాయి, ఎవరూ అవమానించరు. కానీ ఏర్గట్ల మండలంలో ఒకరు పోతే పాడె మోయడానికి పిలవకుండానే జనం వస్తారు, తడపాకల్ దగ్గర గోదావరి ఉంటుంది. ఫ్రాన్స్‌లో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు శోకం ఇంటి గోడలు దాటదు.

ఈ నష్టం ఊహ కాదనడానికి చరిత్రే సాక్ష్యం. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేవడానికి శతాబ్దం ముందే తెలుగువాళ్లు చెరకు కోసం ఫ్రెంచివారి దగ్గరికి వెళ్లారు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం నుంచి 1820ల చివరలోనే ఫ్రెంచివారి రీయూనియన్ దీవికి కూలీలు ఓడలెక్కారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక, 1860లో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరాక దక్షిణాది నుంచి ఇంకా ఎందరో పోయారు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆపే దాకా ఆ వలస సాగింది. ఇవాళ రీయూనియన్‌లో గుళ్లున్నాయి, నిప్పుల మీద నడిచే మొక్కులున్నాయి. పోయింది ఇంటి మాట, ఇంటిపేరు. ఓడ దిగిన మనిషి సొంత పేరే వంశనామమైంది, పిల్లలకు క్రైస్తవ నామాలు వచ్చాయి. చర్చిలో ఒక జీవితం, గుడిలో మరొకటి గడిపిన కుటుంబాలెన్నో. పొరుగున ఉన్న మారిషస్‌లోనూ పెద్ద చెరకు తోటలు ఎక్కువగా ఫ్రెంచి సంతతి వారివే, వీధి భాష ఫ్రెంచి క్రియోలే. కానీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు, బడుల్లో తెలుగు చెప్తారు. మారిషస్‌లో భారతీయులు సంఖ్యలో చాలా ఎక్కువన్నది నిజమే. అయినా సంఖ్య ఒక్కటే కారణం కాదు. మారిషస్ రాజ్యం సమాజాలను సమాజాలుగా చూసింది. ఫ్రెంచి గణతంత్రం వ్యక్తినే చూస్తుంది. జనాభా లెక్కల్లో మతం అడగనే అడగదు.

వేమన, బసవన్న ఆడంబరాన్ని తిట్టలేదా, లోపలి దేవుడే నిజమనలేదా అని ఎవరైనా అడగవచ్చు. గట్టి ప్రశ్నే. కానీ గుడిని కాదన్న బసవన్న మనుషులను కాదనలేదు. కల్యాణ పట్టణంలో అనుభవ మంటపం వెలిసింది నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికే. లోపలి దేవుణ్ణి వెతికినవాళ్లకూ తోడు కావాల్సి వచ్చింది. మోర్తాడ్, కమ్మర్‌పల్లి దిక్కున గల్ఫ్‌కు పోయినవాళ్లకు ఇంతకంటే ఎక్కువ కట్టుబాట్లు లేవా అన్నది ఇంకో ప్రశ్న. ఉన్నాయి. కాకపోతే గల్ఫ్ మనిషిని కూలికే పిలుస్తుంది. అతని భార్య, తల్లి, పోచమ్మ ఊళ్లోనే ఉంటారు. ఫ్రాన్స్ పౌరసత్వం ఇస్తుంది, ఇంటిల్లిపాదినీ తనలో కలుపుకుంటుంది. అందుకే అక్కడి నష్టం పిల్లల తరంలో గానీ పూర్తిగా బయటపడదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మన జిల్లాలోనే ఉంది. పలకరించే ఊరే వెలి వేస్తుంది. గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను, కొన్నిచోట్ల కులాలకు కులాలనే సాంఘికంగా బహిష్కరించిన ఘటనలు నిజామాబాద్ జిల్లాలో పదేపదే బయటికొచ్చాయి. డప్పు కొట్టేవాణ్ణి గుడి గడప అవతలే నిలబెట్టిన ఊరును తలచుకుని అతను ఎందుకు బాధపడాలి? అతనికి పరాయి నగరంలో ఎవరూ పట్టించుకోకపోవడమే మొదటి గౌరవం కావచ్చు. ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. అయితే అతన్ని గాయపరచింది నలుగురు కలవడం కాదు, ఆ నలుగురిలో తనను కింద నిలబెట్టడం. ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌లో భారతీయ కూలీల కొడుకు హెన్రీ సిదంబరం 1904 నుంచి 1923 దాకా పోరాడి తనవాళ్లకు ఫ్రెంచి పౌరులుగా ఓటు హక్కు తెచ్చిపెట్టాడు. అతను అడిగింది ఏకాంతం కాదు, జనంలో సమానమైన చోటు. ఆ చోటును కట్టుకోవడానికి ఫ్రాన్స్‌లో ఒక దారి ఉంది. 1901 నాటి చట్టం కింద పదిమంది కలిసి సంఘం పెట్టుకోవచ్చు, హాలు కిరాయికి తీసుకుని బతుకమ్మ ఆడుకోవచ్చు. వెళ్లేవాళ్లు మొదటి ఏడాదే ఆ పదిమందిని వెతుక్కోవాలని నేను గట్టిగా చెప్తాను. కానీ ఊరు పుట్టుకతో వస్తుంది, సంఘం చందాతో నిలుస్తుంది. పిల్లలు దానిలో చేరతారా లేదా అన్నది ప్రతి తరంలోనూ మళ్లీ మొదటి నుంచి తేలాల్సిందే.