మిట్టదారిలో అపూర్వము

పాత అనంతపురము జిల్లాలోని నల్లమాడనుండి తూర్పున కదిరివైపునకు గాని, పడమట బుక్కపట్టణము, పుట్టపర్తుల వైపునకు గాని సైకిలుపై బయలుదేరినవానికి, కొండలనగా మేఘములను తాకు శిఖరములు కనబడవు; రాతిగుండ్లను ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుట్టలును, వాని నడుమ తిరిగి తిరిగి ఎక్కి దిగు సన్నని తారురోడ్లును, ఇరువైపుల ఎర్రనేలలో శెనక్కాయ చేలును, అక్కడక్కడ తుమ్మలును, కానుగలును మాత్రమే కనబడును. బస్సు దాటిపోయిన పిమ్మట ఆ దారిపై చాలసేపు చప్పుడుండదు. అట్టి దారిలో మిట్ట ఎక్కుచున్నవానికి తన ఊపిరియు, పండ్లచక్రముపై చైను ప్రాకెడు సద్దును తప్ప వేరొకటి వినరాదు; మన పెద్దలు తరతరములుగా తర్కించుచు వచ్చిన ప్రశ్న యొకటి అక్కడ గ్రంథము విడిచి కాళ్ళలోనికి దిగును. కార్యసిద్ధికి కారణము పురుషకారమా, దైవమా?

భారతమున ఆనుశాసనికపర్వములో ధర్మరాజు భీష్ముని అడిగినది ఈ ప్రశ్ననే. భీష్ముడు వసిష్ఠ బ్రహ్మల సంవాదమును వినిపించుచు, పురుషకారమును క్షేత్రముగాను, దైవమును బీజముగాను చెప్పించి, రెండింటి కలయికచేతనే సస్యమని నిర్ణయించెను. యాజ్ఞవల్క్యస్మృతి ఇదే భావమునకు రథమును తెచ్చినది: ఒంటిచక్రముతో రథము కదలనట్లే పురుషకారము లేక దైవము సిద్ధింపదని దాని తాత్పర్యము. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరావ్యాఖ్య వ్రాయగా, దానిని పదమూడవ శతాబ్దమున కేతన తెనుగునకు తెచ్చెను గనుక, ఈ విచారము మనకు కొత్తది కాదు.

అయినను రథమునకు, సైకిలునకు ఒక భేదమున్నది. రథచక్రములు రెండును ఒక్క ఇరుసున ప్రక్కప్రక్కల నిలిచి సమముగా తిరుగును; లాగెడు గుర్రము వేరు, తోలెడు సారథి వేరు. సైకిలు చక్రములు ఒకదాని వెనుక నొకటి నడచును. వెనుకటిది బలమును గ్రహించును, ముందటిది దిక్కును గ్రహించును. గుర్రమును, సారథియు, రథికుడును ఒక్కడే. ఇట్టి వాహనమున దైవమునకు చోటెక్కడ? సమతలమున ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, అక్కడ తొక్కినంతకాలము పోవుచుందుము, మానినచో ఆగుదుము. జవాబు మిట్టకు ఆవలి ప్రక్కనున్నది.

జైమిని సూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామికి ఒక చిక్కు ఎదురైనది. యజ్ఞము నేటితో ముగియును. స్వర్గము ఏనాటికో లభించునని శ్రుతి చెప్పును. నశించిపోయిన క్రియ, తాను లేని కాలమున, ఫలమును ఎట్లు కనగలదు? క్రియ నశించుచు ఒక అదృశ్యశక్తిని నిలిపిపోవుననియు, ఫలోదయమువరకు ఆ శక్తి చెడక యుండుననియు మీమాంసకులు సమాధానము చెప్పి, దానికి అపూర్వమని పేరిడిరి. ప్రతిపక్షులు దీనిని వాదము నిలుపుకొనుటకై కల్పించిన పదార్థమని ఆక్షేపించిరి. గుట్టదారి ఎక్కినవానికి మాత్రము అపూర్వ మెట్టిదో చెప్పనక్కరలేదు. ఎక్కిన ఎత్తే అది. మనిషియు సైకిలును కలిసి 80 కిలోలుండి, 100 మీటర్ల ఎత్తు ఎక్కినచో, ఆ ఎత్తున నిలువయైన శక్తి సుమారు 78,000 జౌళ్ళు, అనగా 19 కిలోకేలరీలు. ఐదు గ్రాముల బెల్లపుముక్కలో నున్నంత. కండరములు తాము వ్యయించినదానిలో నాల్గవవంతునకు మించి పనిగా మార్చలేవు గావున దేహమునకు దానికి నాల్గింతలైనను ఖర్చగును. మిగిలినది వేడిగా వెడలిపోవును. తొక్కుట ఆగినది, ఆయాసము తీరినది, క్రియ నశించినది. కాని ఎత్తు నశింపలేదు. దిగుడు మొదలైనంతనే పెడళ్ళు కదలకయే చక్రములు పరుగెత్తును, ఫ్రీవీలు టిక్కుటిక్కుమని పలుకును, ఎవడో వెనుకనుండి వీపుపై చేయి వేసి మెల్లగా త్రోయుచున్నట్లుండును. అనుగ్రహమన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన దేహానుభవము నాకు వేరొకచోట కలుగలేదు. ఐనను అది నేను ఎక్కినదే; నా పూర్వప్రయత్నమే నాకెదురు వచ్చుచున్నది. దైవమనగా పూర్వదేహమునందలి పౌరుషమే ఇప్పుడు వ్యక్తమగుట యని యాజ్ఞవల్క్యుడు చెప్పినది ఇదియే కదా! బ్రేకు పట్టినచో ఆ పూర్వప్రయత్నము వేడిగా మారి ఎగిరిపోవును. వంపు క్రింద ఆగి రిమ్మును తాకినచో వ్రేలు చురుక్కుమనును. జ్ఞానాగ్ని కర్మలను దహించునని గీతాచార్యుడు చెప్పిన మాట అట్టి క్షణమున తప్పక స్ఫురించును, దాని నింకను లాగుట నా ఉద్దేశము కాదు.

లెక్క ఇంత చక్కగా సరిపోయినను, మిట్ట నెత్తిమీద నిలిచిన మనుజుడు అదంతయు తన కాళ్ళదే యని చెప్పుకొని ఊరకుండడు. ఇటలీలో కోమో సరస్సునకు పైనున్న గిసాల్లో కనుమకొన నొక చిన్న చర్చి కలదు. అచ్చటి మేరీమాతను 1949లో పన్నెండవ పయస్ పోపు సైకిలువారి రక్షకురాలిగా ప్రకటించెను. బార్తాలి, కొప్పి మొదలగు మహాసవారులు తొక్కిన సైకిళ్ళు నేటికిని ఆ గోడల వ్రేలాడుచున్నవి. మన దారులలోను గుట్టనడుమ మలుపున సున్నము పూసి కుంకుమబొట్లు పెట్టిన రాయి కనబడును. లారీవాడు, ఎడ్లబండివాడు, మేకలకాపరి అక్కడ క్షణమాగి చేతులు జోడించుదురు. ఫలము తనదేయైనను ఫలదాత వేరొకడున్నాడని మనస్సు పలుకును. బ్రహ్మసూత్రములలో ఈ వివాదమునకు చోటున్నది: ధర్మమే ఫలమిచ్చునని జైమిని పక్షము, అచేతనమైన ధర్మము ఇయ్యజాలదు, ఈశ్వరుడే ఇచ్చునని బాదరాయణుని పక్షము. గుట్టదారి వరకు చూచినచో జైమినికే జయము. భూమ్యాకర్షణమునకు చైతన్యముతో పనిలేదు.

ఆ జయము ఒక ఆషాఢమాసపు పూట నాకు సందేహాస్పదమైనది. కదిరి తట్టునుండి దిగి వచ్చుచుండగా ఎదురుగా ఒక వృద్ధుడు, క్యారియరుపై శెనక్కాయకట్టె మోపు కట్టుకొని, సైకిలును నెట్టుకొనుచు మిట్ట ఎక్కుచుండెను. నేను ఆగగా అతడును ఆగి, వెనుకచక్రము క్రింద రాయి తోసి, తుండుతో మెడ తుడుచుకొనెను.

“యాడ నుంచి నాయనా వచ్చేది?”

“కదిరి తట్టు నుంచి పెద్దాయనా.”

“ఆ తట్టు వాన పడిందా?”

“ల్యా పెద్దాయనా, మోడం పట్టింది గానీ పడలేదు.”

“మా కాడా అంతే. ఇత్తనాలు ఇంట్లోనే ఉండాయి.”

ఒకే రోడ్డు, ఒకే చోటు, నాకు దిగుడు, అతనికి ఎక్కుడు. ఇంతమాత్రమైనచో ఎవరి వంతు వారికి వచ్చుననవచ్చును. కాని అతడడిగినది మిట్టను గూర్చి కాదు, వానను గూర్చి. ఈశ్వరుడు ఒకనికి సుఖమును, ఒకనికి దుఃఖమును ఇచ్చుటచే పక్షపాతియు నిర్దయుడును కాడా యను ఆక్షేపమునకు శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున వానదేవుడైన పర్జన్యునే దృష్టాంతముగా గైకొనిరి: వర్షము వరికిని యవలకును సమానకారణము, పైరులలోని భేదము విత్తనములనుండి వచ్చినది, అట్లే ఈశ్వరుడు సాధారణకారణము, భేదము జీవుల కర్మలది. కాలువలు పారు సీమలో ఈ దృష్టాంతమున కెదురులేదు. ఇచ్చట మాత్రము అది నిలువదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును, ఈశాన్యమేఘములు ఇంతదూరము వచ్చుసరికి రిక్తములగును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, జైసల్మేరు తరువాత దేశమున అత్యల్పవర్షము గల జిల్లాగా పాత అనంతపురము జిల్లా పేరుపడినది. ఆ కొద్దివానయు గుట్టకు ఒక ప్రక్క పడి మరియొక ప్రక్క పడకపోవుట కలదు. ఇక్కడ విత్తనము సమానమే, దున్నకము సమానమే, భేదము పర్జన్యునిదే. ఆ వృద్ధుడు జీవితమంతయు ఎక్కినవాడు. అతని ఎత్తు ఎక్కడ నిలువయైనది?

దీనికి కూడ పూర్వజన్మమును చూపి సమాధానము చెప్పవచ్చునని నేనెరుగుదును. అది నోటికి రానిచ్చుట పాపమని నా నిశ్చయము. కర్మసిద్ధాంతము అబద్ధమని నేననను. నా దిగుడును గూర్చి, నా ఆయాసమును గూర్చి, నాకు తగిలిన ఎదురుగాలిని గూర్చి నేను దానిని పలుకవచ్చును, అది నన్ను ఫిర్యాదునుండి మాన్పి మరల తొక్కించును. ఎండిన చేనుగలవానిని చూపి ఇతడు పూర్వమెక్కలేదని పలికితినా, అదే వాక్యము శాస్త్రత్వమును కోల్పోయి క్రౌర్యమగును. అతడెక్కిన మిట్టలను నేను చూడలేదు. బాదరాయణుడు ఫలమును ఈశ్వరుని చేత నుంచుట ఇందులకే మేలని నాకు తోచును. లెక్క పుస్తకము నా చేతిలో లేదని ఒప్పుకొన్నవాడు పొరుగువాని ఖాతా చదువబోడు.

మరి నా దిగుడైనను నా ఒక్కనిదా? నాకు క్రింద నొక రోడ్డున్నది. ఈ సీమలో రోడ్లు, చెరువుకట్టలు అనేకము కరువుపనులుగా సాగినవి. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని అంతటను ఆకలిగొన్నవారు పనులపై మట్టి మోసిరి. 1877లో ప్రభుత్వపు కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ మగవాని కూలిని రోజునకు ఒక పౌండు ధాన్యము, ఒక అణాకు తగ్గించెను. ఆ తిండితో అంత పని చేసిన దేహము నిలువదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధిహామీ పథకము ప్రారంభమైనది ఆ పాత జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో. తట్ట మోసినవారి శ్రమయంతయు ఎత్తై, గట్టై, కంకరై నిలువయున్నది. దానిపై జారిపోవువాడను నేను. మీమాంసకులు దీనికి సరిపోవు న్యాయమును ముందే చేసియుంచిరి: హోమము చేయువారు ఋత్విక్కులే యైనను, వారు దక్షిణచే పరిక్రీతులు గావున ఫలము యజమానునిదే. ఒక పౌండు ధాన్యము, ఒక అణా దక్షిణగా చెల్లినది, ఫలము దారిన పోవువానికి చెందినది. న్యాయము నాకు అనుకూలముగానే యున్నది, మనస్సు దానిని ఒల్లకున్నది.

అదే శాస్త్రమున సత్త్రమను మరియొక జాతి యాగము కలదు. పదునేడుగురికి తక్కువ కాకుండ చేరి చేయుదురు, వారిలో ప్రతివాడును ఋత్విక్కే, ప్రతివాడును యజమానుడే, దక్షిణ లేదు, ఫలము పంచుకొనుటచే తరుగక ప్రతివానికిని సంపూర్ణముగా చెందును. ఊరివారందరు ఏటేట కలిసి చెరువుకట్టకు మట్టిపోసి, కాలువ పూడిక తీసిన కుడిమరామత్తు పూర్వము ఈ జాతికి చెందిన కర్మమే. దారిని కూడ అట్టి సత్త్రముగా ఎంచవలెనని నా కోరిక. కాని సత్త్రమున చేరువాడు స్వయముగా దీక్ష వహింపవలెను, చూడవచ్చినవానికి ఫలములో పాలు లేదు. కంకర పరచినవారి సరసన నిలుచుటకు సైకిలు తొక్కి మెచ్చుకొనుట దీక్షయగునా యనునది ఏ అధికరణమునను విచారింపబడలేదు. నా మట్టుకు అది చాలదనియే తోచుచున్నది.