ప్రయాణపు పట్టికలో లేని పేర్లు

ధ్యానభాగము: మార్కు 6:30–51



ఈ మాసము మేము ధనవంతుల విహారనౌకలను గూర్చి కొన్ని మాటలు వ్రాయబూనుచున్నాము. చదువరులలో కొందరు నవ్వుకొందురేమో. కాలువ దాటుటకు బల్లకట్టు తప్ప వేరొక ఓడ నెరుగని మనకు ఆ సంగతి యేల? మనలో ఎవరును అట్టి ఓడను బాడుగకు తీసికొనబోవుట లేదు. అయినను ఆ ఓడలలో పనిచేయుటకు మన గ్రామముల బిడ్డలు పోవుచున్నారు. అంతేకాదు, పలకమీద పెద్ద అక్షరములు వ్రాసినయెడల చూపు మందగించినవారు సహితము చదువగలరు గదా. ఆ ధనవంతులు తమ విశ్రాంతి కొరకు చేసికొను ఏర్పాటులో మన ఏర్పాటులే పెద్ద అక్షరములతో కనబడుచున్నవి.

మా సంఘములోని యౌవనుడొకడు అట్టి నౌకలో గదులు సర్దుట, బల్లయొద్ద వడ్డించుట అను పనిలో నున్నాడు. గడచిన వేసవిలో సెలవుమీద ఇంటికి వచ్చి, ఒక సాయంకాలము మా యింటి అరుగుమీద కూర్చుండి ఆ సంగతులు చెప్పెను. దక్షిణ పసిఫిక్ మహాసముద్రములో, ఫ్రాన్సు దేశపు ఏలుబడి క్రింద, తహితి, రయతెయా, తహా, బోరాబోరా మొదలగు ద్వీపములున్నవి. పగడపు దిబ్బలు వాటిని గోడవలె చుట్టియుండుటచేత లోపలి నీరు చెరువునీటివలె నిమ్మళముగా నుండును. రయతెయా, తహా అను రెండు ద్వీపములకును కలిపి చుట్టు ఒకే పగడపు గోడ యున్నది. బోరాబోరా చేరవలెననిన ఓడలకు పడమటి దిక్కున ఒక్కటే ద్వారము. దేవుడు తన చేతితో కట్టిన ఆ గోడలను, ఆ ద్వారములను గూర్చి వినుచుండగా మా హృదయములు ఆయనను స్తుతించెను.

అక్కడికి వెళ్లగోరు ధనవంతులు ఆరునెలలకు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి ముందుగనే ఏర్పాటులు మొదలుపెట్టుదురు. నవంబరు మొదలుకొని ఏప్రిలు వరకు అచ్చట వానలు, తుపానుల కాలము గనుక మే నెలకును అక్టోబరుకును మధ్య వారములను ఎన్నుకొందురు. మధ్యవర్తి ద్వారా నౌకను కుదుర్చుకొని ఒడంబడిక వ్రాసికొందురు. సాధారణముగా బాడుగలో సగము చేవ్రాలు చేసిననాడును, మిగిలినది ప్రయాణమునకు నెల రోజుల ముందును చెల్లింతురు. పెద్ద నౌకలకు ఒక్క వారపు బాడుగ మన రూపాయలలో కోటికి పైబడును. అది గాక నూటికి 25 మొదలు 35 వరకు లెక్కగట్టి, నూనెకు, భోజన పదార్థములకు, రేవు రుసుములకు ముందుగా నౌకాధిపతి చేతికిచ్చెదరు. అతడు ప్రయాణాంతమున లెక్క అప్పజెప్పి మిగిలినది తిరిగి యిచ్చును.

ఇవన్నియు విని మేము ఆశ్చర్యపడితిమి. అయితే మా మనస్సున నిలిచినది ధనము లెక్క కాదు, ఒక కాగితము. ప్రయాణమునకు ముందు అతిథులకు ఒక ప్రశ్నల పత్రము పంపుదురట. మీకు ఏ భోజనము ఇష్టము? ఏది పడదు? ఉదయమున ఎన్ని గంటలకు లేతురు? కాఫీయా, టీయా? తలగడ మెత్తగా నుండవలెనా, గట్టిగా నుండవలెనా? గదిలో ఏ పువ్వులుంచవలెను? ఏ సంగీతము వినుదురు? ఆ వారములో మీలో ఎవరికైన పుట్టినదినము కలదా? పుటలకు పుటలు ఇట్లే యుండును. వారు వ్రాసి పంపిన ప్రతి కోరికను వంటవాడును, పనివారును ఓడ కదలకమునుపే సిద్ధపరచవలెను.

ఆ సాయంకాలము మా అరుగుమీద సంఘములోని వృద్ధురాలొకతె కూర్చుండి వినుచుండెను. ఆమె చదువెరుగదు, నలుబది యేండ్లు పరుల పొలములలో నాట్లు వేసినది. ఆమె మెల్లగా అడిగెను: "నాయనా, ఇన్ని అడిగినారు గదా. వండేవాడు ఎప్పుడు తింటాడో, పక్కలు వేసేవాడు ఎప్పుడు పడుకుంటాడో ఆ కాగితంలో యాడన్నా రాసినారా?"

ఆ చిన్నవాడు తల వంచుకొని, "లేదవ్వా. అది మా కాగితం కాదు గదా" అనెను.

మేము నాలుగు సంవత్సరములు మిషను బడిలో వేదాంతము చదివితిమి. ఆ ప్రశ్న మాకు తోచలేదు. ఆమెకు తోచెను.

పనివారి విశ్రాంతిని గూర్చి లోకము బొత్తిగా తలంచలేదని చెప్పుట న్యాయము కాదు. ఓడలలో పనిచేయువారి నిమిత్తము 2006లో జెనీవాలో దేశములన్నియు కూడి ఒక ఒప్పందము చేసికొనెను. అది 2013లో అమలులోనికి వచ్చెను. మన దేశము 2015లో దానికి సమ్మతించెను. ప్రతి 24 గంటలలో 10 గంటలకు తక్కువ కాకుండ, ఏడు దినములలో 77 గంటలకు తక్కువ కాకుండ విశ్రాంతి యుండవలెనని సాధారణ నియమము. బాడుగకు తిరుగు నౌకలలోని పనివారికిని ఇట్టి రక్షణ ఉద్దేశింపబడినది. మంచిది. కాని దీనికి ఎంతో ముందుగానే సీనాయి కొండమీద మన దేవుడు విశ్రాంతిదినపు ఆజ్ఞ నిచ్చినప్పుడు, ఇంటి యజమానుని పేరు మాత్రమే చెప్పి ఊరకుండలేదు. నిర్గమకాండము 20వ అధ్యాయము 10వ వచనము తెరచి చూడుడి. దాసుడు, దాసి, పరదేశి, తుదకు పశువు కూడ ఆ పట్టికలో నున్నారు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో ఆయన ఇంకను విప్పి చెప్పెను: నీవు విశ్రమించునట్లే నీ పనివారును విశ్రమించుటకే ఆ దినము, ఏలయనగా నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి.

అయితే విశ్రాంతి కోరుట పాపమా? ఎంతమాత్రమును కాదు. శిష్యులు ఊరూరు తిరిగి అలసి వచ్చినప్పుడు, భోజనము చేయుటకైన తీరిక లేకపోవుట ప్రభువు చూచెను. తన పనివారు తిన్నారో లేదో చూచు యజమానుడాయన. ఆయనే వారిని ఏకాంత స్థలమునకు దోనె మీద తోడుకొని పోయెను. కావున సముద్రయానము చేసి విశ్రమించువానిని తీర్పు తీర్చుటకు మనకు అధికారము లేదు. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: నా విశ్రాంతి ఎవరి అలసటమీద కట్టబడుచున్నది? వారి పేరు నా పట్టికలో నున్నదా?

ఆ ఒడంబడికలలో మరియొక సంగతి మాకు మేలుగా తోచెను. బాడుగ ఎంత చెల్లించినను, గాలివాన వచ్చినప్పుడు ఏ దారిని పోవలెనో, అసలు కదలవలెనో లేదో నిర్ణయించువాడు అతిథి కాదు, నౌకాధిపతి. ధనమిచ్చినవాడు ఓడకు యజమానివలె నడుచుకొనవచ్చును గాని తుపానుకు యజమాని కాలేడు. యాకోబు 4వ అధ్యాయములో, రేపు ఫలాని పట్టణమునకు పోయి లాభము గడింతుమని నిశ్చయముగా పలుకువారికి ఆ భక్తుడు చేసిన హెచ్చరిక ఇదే. మన ప్రాణము ఆవిరి వంటిది; ప్రభువు చిత్తమైతే అను మాట లేకుండ ఏ పట్టికయు పూర్తి కాదు. పైని ప్రభువు చిత్తము, ప్రక్కను పొరుగువాని అలసట, ఈ రెండును వ్రాయబడని ఏర్పాటు ఎంత అందమైనదైనను కొరవడినదే.

ఆ ద్వీపములకు ఒకప్పుడు వేరొక విధమైన పట్టికతో ఒక ఓడ వెళ్లెను. లండను మిషనువారు డఫ్ అను ఓడను కొని 1796లో 30 మంది మిషనరీలను పంపిరి. వారిలో నలుగురు మాత్రమే అభిషేకము పొందిన బోధకులు. తక్కినవారిలో ఎక్కువమంది వడ్రంగము, తాపీపని, నేత మొదలగు చేతిపనులు నేర్చినవారు. 1797 మార్చి 5వ తేదీన వారు తహితి చేరిరి. నేటికిని ఆ ద్వీపవాసులు సువార్త వచ్చిన దినమని దానిని ఆచరింతురు. వారందరును వీరులు కారు. మరుసటి సంవత్సరమే పలువురు భయపడి వెడలిపోయిరి. కొందరు నిలిచిరి. తరువాత రయతెయాలో కాపురముండిన జాన్ విలియమ్సు దొరగారు 1827లో రరతోంగా ద్వీపమున, తిరిగి పోవుటకు ఓడ లేక, అచ్చటివారి సహాయముతో తానే ఒక ఓడను కట్టెను. చాపలే తెరచాపలు, చెట్టునారయే త్రాళ్లు, పలకల సందులలో కూరుటకు కొబ్బరిపీచు. ఆ ఓడకు సమాధాన దూత అని పేరుపెట్టిరి. ఆయన 1839లో ఎర్రోమాంగా ద్వీపమున చంపబడెను.

నేడు విహారనౌకలను బాడుగకిచ్చు ముఖ్యమైన స్థలములలో ఆ రయతెయా ద్వీపమే యొకటి. నీరు ఆ నీరే, పగడపు గోడ ఆ గోడయే. ఒక ఓడలోనివారు తమకు ఏమేమి కావలెనో వ్రాసికొని వెళ్లుచున్నారు. మరియొక ఓడలోనివారు ఎదుటివారికి ఏమి ఇయ్యగలమా అని తలంచుకొని వెళ్లిరి. సహోదరులారా, ఆ రెండవ పట్టికలో మన పేరును ఉండెను. అదే లండను మిషను పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అను దొరలు 1805లో విశాఖపట్నమునకు వచ్చిరి. ఆనందరాయరు అను దేశీయ సహోదరుని తోడ్పాటుతో అచ్చట సువార్తలను తెలుగు చేయసాగిరి. క్రాన్ దొర 1809లోను, డిగ్రాంజ్ దొర 1810లోను మరణించిరి. వారు అచ్చుప్రతిని కన్నులార చూడలేదు. 1812లో మూడు సువార్తలు సేరాంపూరులో అచ్చుపడెను. ఈ దినము ధ్యానించుచున్న మార్కు సువార్త ఆ మూడింటిలో నొకటి.

ఇప్పుడు మా దోషమును ఒప్పుకొనవలెను. గత సంవత్సరము మా సంఘములో కోతపండుగకు మూడు వారములు ఏర్పాటులు చేసితిమి. పందిరి, మైకుసెట్టు, దూరమునుండి వచ్చు ప్రసంగికుని బస, ఆయనకు పడు కూర, పడని కూర, అన్నియు ఒక కాగితముమీద వ్రాసికొంటిమి. ఆరాధన చక్కగా జరిగెను. అందరును మెచ్చుకొనిరి. ఆ చిన్నవాడు వచ్చి వెళ్లిన తరువాత, ఆ కాగితము బైబిలులో దొరకగా మరల చదివితిమి. మందిరము వెనుక పొయ్యిలయొద్ద తెల్లవారుజామునుండి వండిన నలుగురు స్త్రీల పేర్లు దానిలో లేవు. వారు ప్రసంగము వినలేదు. విన్నపము చేయువారు లేకపోగా, ఆ దినము వారికి ప్రభువు బల్లయు అందలేదు. రొట్టె విరిచి పంచిన చేతులు మావే. ఆ నలుగురు రాలేదని మేము లెక్క చూడలేదు. అవ్వ అడిగిన ప్రశ్న ధనవంతుల నౌకకు తగిలినదనుకొంటిమి. అది మా మందిరపు వెనుక గోడకు తగిలెను.

మేము ఆ నలుగురి యిండ్లకు వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఒకతె, "పోనీలే అయ్యగారూ, మాకిది అలవాటే" అనెను. ఆ మాట మమ్మును మరి యెక్కువగా నొప్పించెను.

మరల మార్కు సువార్తకు వచ్చెదము. ప్రభువు విశ్రాంతికని వెళ్లిన చోటికి జనులు కాలినడకను ముందే చేరియుండిరి. ఆయన ఏర్పాటు చెడిపోయెను. అయినను విసుగుకొనలేదు, కాపరిలేని గొఱ్ఱెలను చూచినట్లు వారిని చూచి కనికరపడెను. అందరును కూర్చుండి తినిరి. పండ్రెండు గంపలు మిగిలెను. తరువాత ఏమి చేసెను? 45వ వచనము జాగ్రత్తగా చదువుడి. అలసిన శిష్యులను ముందుగా దోనె యెక్కించి, జనసమూహమును సాగనంపు కడపటి పని తానే చేసెను. అందరు పోయిన తరువాత చివరకు మిగిలినవాడు యజమానుడే. ఆ రాత్రి శిష్యులకు గాలి ఎదురై వారు తెడ్లు వేయలేక కష్టపడుట ఆయన చూచి, వారియొద్దకు వచ్చెను. ఆయన దోనె యెక్కిన తరువాతనే గాలి అణగెను. విశ్రాంతి స్థలములో లేదు, ఓడలో లేదు. మన కష్టమును చూచు ప్రభువు మనతో నుండుటలో నున్నది.

కావున ఈ యేడు పండుగకైనను, పెండ్లికైనను, ప్రయాణమునకైనను కాగితము తీసికొని కూర్చుండినప్పుడు, మొట్టమొదట ప్రభువు చిత్తమైతే అని వ్రాయుడి. తరువాత వండువారి, మోయువారి, కడుగువారి పేర్లు వ్రాసి, ప్రతి పేరునకు ఎదురుగా వారు తిను వేళ, ఆరాధనలో కూర్చుండు వేళ వ్రాయుడి. ఆదివారమున పాలేరును పొలమునకు పంపి తాము మందిరమునకు వచ్చువారు ఈ మాట ప్రత్యేకముగా ఆలోచింతురు గాక. ఇంటిలో తల్లి అందరికిని వడ్డించి తుదకు అడుగంటినది తినుచున్నయెడల, కుమారులారా, ఒక పూట మీరు వడ్డింపుడి. మా సంఘములో ఈ కోతపండుగనాడు ప్రభువు బల్ల ఆచరించిన తరువాతనే పొయ్యి వెలిగింతుము. భోజనము ఆలస్యమగును. కాగానిండు.

ఓడమీదనున్న ఆ చిన్నవానికొరకును, దూరదేశములలో పరుల విశ్రాంతికై మేలుకొనియున్న మన బిడ్డలందరికొరకును ప్రార్థించుడి. వారి పేరు ఏ కాగితములో లేకపోయినను, కునుకని నిద్రపోని దేవుని యెదుట వ్రాయబడియున్నది.

ప్రార్థన: అలసినవారిని పిలుచు ప్రభువా, మా విశ్రాంతిలో మేము మరచినవారిని మాకు చూపుము. మా పట్టికలను నీ చిత్తముచేత దిద్దుము. మా దోనెలోనికి నీవు వచ్చి గాలిని అణచుము. ఆమేన్.