పది నెలల బాకీ

మెకానిక్ పిల్లగాడు గీజర్ అడుగు విప్పి, లోపలి కాయిల్‌ను బయటికి లాగి, బాత్రూం గడప దగ్గర పాత పేపర్ పరిచి దాని మీద పెట్టాడు. అది కాయిల్ అంటే నమ్మడం కష్టం. బొటనవేలంత లావున సున్నపు కడ్డీ. పైన బూడిద రంగు, గోటితో గీరితే లోపల తెలుపు. ఒకచోట పెచ్చు లేచి, దాని కింద లోహపు తొడుగు నిలువునా చిట్లి ఉంది. పక్కనే పుల్లలాగా సన్నబడిపోయిన మరో కడ్డీ.

"ఇదేంది?" అన్నాను.

"యానోడ్ రాడ్ సార్. మెగ్నీషియం. ట్యాంకుకు తుప్పు పట్టకుండ ఇది కరిగిపోతది."

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పంతులుగా చేసినవాణ్ని, నాకు దధీచి గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటాడు! కాసేపు ఆ పుల్లనే చూస్తూ కూర్చున్నాను. పిల్లగాడికి పని తొందర.

"మీది బోరు నీళ్లు గద సార్. సున్నం పట్టింది. కాయిల్ వేడి బయటికి పోలేక పగిలింది. ఇది వారంటీల రాదు. కొత్తదానికి 2,100 అయితది."

గీజర్ ధర 8,400 రూపాయలు. మొత్తం వస్తువుకు రెండేళ్ల వారంటీ. పనిచేసింది 14 నెలలు.

మా ఇంటావిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది. "పోనియ్యండి. ఎవరి పాపం వాళ్లనే కొడ్తది. దేవుడు చూస్తలేడా?"

ఈ 'పోనియ్యండి' అనే మాట దగ్గర నేను మూడు నెలలు ఆగిపోయాను. డబ్బు కోసం కాదంటే ఎవరూ నమ్మరు, కొంత డబ్బు కోసమే. కానీ పోనివ్వడం ఎప్పుడు పుణ్యం, ఎప్పుడు బద్ధకం అన్నది ఈ వయసులో కూడా తేలకపోతే ఇక ఎప్పుడు తేలుతుంది?

మెకానిక్ అన్న మాటలో నన్ను గుచ్చింది 'వారంటీల రాదు' అన్నది కాదు, 'మీది బోరు నీళ్లు' అన్నది. నల్లగొండ మనిషికి ఈ మాట కొత్త కాదు. మా అమ్మది మర్రిగూడ వైపు పల్లె. నలభై ఐదేళ్లకే నడుము వంగింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరిగేది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని దేశ ప్రమాణం. ఆ లెక్కలు మా బావి గట్టు మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతదాకా అమ్మకు దొరికిన వైద్యం ఒక్క వాక్యమే: 'పోయిన జన్మల ఏం చేసుకున్నదో.' నీళ్లలో ఉన్న దోషం ఆమె ఆత్మలోకి మారిపోయింది. తర్వాత నాగపూర్ నీరీ సంస్థవాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు. 'నల్లగొండ టెక్నిక్' ఆఫ్రికా దాకా పోయింది. ఫ్లోరైడ్ వేరు, కాయిల్‌కు పట్టే సున్నం వేరు, నాకూ తెలుసు. కానీ 'మీ నీళ్ల తప్పు' అన్నప్పుడు రెండూ ఒకే గొంతుతో వినిపిస్తాయి.

కర్మ సిద్ధాంతం మీద నాకు తగాదా లేదు. దాన్ని మనం వాడే తీరు మీదే తగాదా. ఎవరు చేసింది వారు అనుభవిస్తారన్నది సిద్ధాంతం. రెండేళ్లని చెప్పి అమ్మినవాడి కర్మను, 14 నెలలకే చన్నీళ్ల రూపంలో నేనెందుకు అనుభవించాలి? దేవుడు చూస్తున్నాడని నేనూ నమ్ముతాను. మన ఇంటి వసూళ్లు కూడా ఆయనే చెయ్యాలనుకోవడం మాత్రం కొంచెం ఎక్కువ.

ఇక గీత. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు కదా, రిఫండు ఫలమే కదా అని వాకింగ్ మిత్రుడొకాయన వాదించాడు. నేను నాటకాల పిచ్చివాణ్ని. ఆయనకు రాయబారం గుర్తుచేశాను. గీత చెప్పిన నోటితోనే, దానికి ముందు, ఆ కృష్ణుడే హస్తినకు పోయి అడిగాడు. అర్ధరాజ్యం అడిగాడు, కాదంటే ఐదూళ్లయినా ఇమ్మన్నాడు. ఇవ్వరని తెలిసే పోయాడు. తృప్తిగా అడవిలోనే ఉండవయ్యా అని ధర్మరాజుకు చెప్పలేదు. ఫలం వస్తుందో రాదో పక్కనపెట్టి అడగాల్సింది అడిగి రావడం కర్మయోగం కాకపోతే మరేమిటి? మిత్రుడు నవ్వి, "అయితే గీజర్ కోసం కురుక్షేత్రమా?" అన్నాడు. కాదు, ముందు ఉత్తరం రాస్తాను అన్నాను.

ఉత్తరం రాసేముందు పెద్దలేమన్నారో చూద్దామనిపించింది. నేను పొద్దున నడిచేది పానగల్లు దాకా. ఉదయసముద్రం గట్టు, ఛాయా సోమేశ్వరుడి గుడి. పగలంతా లింగం మీద స్తంభంలాంటి నీడ కదలకుండా నిలబడుతుందక్కడ. ఏ ఒక్క స్తంభం నీడా కాదది. వెలుతురు వచ్చే దారులను, స్తంభాల వరసను లెక్కకట్టి నిలిపిన పని. గుడి కందూరు చోడుల నాటిది. వాళ్లు కళ్యాణి చాళుక్యుల సామంతులు. ఆ కళ్యాణిలో ఆరో విక్రమాదిత్యుడి కొలువులోనే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర రాశాడు. తర్వాత 13వ శతాబ్దంలో కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగు చేశాడు. అంటే మన ప్రాంతానికి దూరపు చుట్టమేమీ కాదు ఆ పుస్తకం.

ధర్మశాస్త్రాల్లో వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విడదీశారు. వాటిలో ఒకదాని పేరు క్రయవిక్రయానుశయం. అనుశయం అంటే పశ్చాత్తాపం. కొన్నాక, అమ్మాక కలిగే పశ్చాత్తాపానికి ఒక అధ్యాయం! యాజ్ఞవల్క్యుడు పరీక్షించుకోవడానికి గడువులు పెట్టాడు: విత్తనాలకు పది రోజులు, పాడి పశువుకు మూడు, బండి లాగే ఎడ్లకు ఐదు, రత్నాలకు ఏడు, ఇనుముకు ఒక్క రోజు. అదే పట్టికలో దాసికి నెల, దాసుడికి పక్షం అని కూడా ఉంది. అందుకే ఆ స్మృతిని నెత్తిన పెట్టుకోను, సాక్షిగా మాత్రం పిలుస్తాను. సాక్షి నాకు వ్యతిరేకంగానే చెప్పాడు. ఇనుప వస్తువు, ఒక్క రోజు, నీ గడువు ఏనాడో అయిపోయింది.

అయితే ఆ కాలపు అంగట్లో ఇనుము అమ్మినవాడు ఇనుమే అమ్మాడు. మా అమ్మ నీళ్లు కాగబెట్టిన రాగి కాగు ఇప్పటికీ మా అటక మీద ఉంది. దానికీ సున్నం పట్టేది. అమ్మ చింతపండు పిసికి, పీచుతో రుద్ది రుద్ది తీసేది. చింతపులుపుకు సున్నం బుసబుసా పొంగి కరిగేది. కంచరి దగ్గరికి పోయి నా పైసలు వాపస్ ఇయ్యమని ఆమె ఏనాడూ అడగలేదు. అది ఆమె సహనం అని చాన్నాళ్లు అనుకున్నాను. కాదు. కంచరి ఆమెకు ఏ మాటా ఇవ్వలేదు. కాగు ఇచ్చాడు, పైసలు తీసుకున్నాడు. నాకు అమ్మినాయన ఒక డబ్బాతో పాటు 24 నెలలు కూడా అమ్మాడు. అందులో 14 ఇచ్చాడు.

కాలాన్ని అమ్మడం మొదలయ్యాక దాన్ని కత్తిరించడమూ మొదలైంది. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో కూటమి కట్టి, బల్బు 1,000 గంటలకు మించి వెలగకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఎక్కువ వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా. మన్నికను నేరం చేసిన ధర్మశాస్త్రం అది.

పాలమూరులో నాకొక పాత మిత్రుడున్నాడు, ఉర్దూ టీచరుగా రిటైరయ్యాడు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టినా ఆయన నోట మహబూబ్‌నగర్ ఇంకా పాలమూరే. ఫోన్‌లో సంగతంతా విని, "పంతులు సాబ్, దీనికి మా దగ్గర పేరే ఉంది. ఖియారుల్ ఐబ్" అన్నాడు. ఐబు అన్న మాట మాకూ ఉంది, ఎద్దుకు ఐబు ఉందంటాం. దాగి ఉన్న ఐబు కొన్నాక బయటపడితే వాపసు ఇచ్చి ధర తీసుకునే హక్కు; వస్తువు వాపసు ఇచ్చే స్థితిలో లేకపోతే ఐబు మేరకు తేడా అడిగే హక్కు. ప్రవక్త ఒకనాడు అంగట్లో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన సంగతి కూడా చెప్పాడు. లోపల వేళ్లకు తడి తగిలింది. వాన పడిందన్నాడట అమ్మేవాడు. మరి తడిసింది పైన పెట్టకపోయావా, జనం చూసేవాళ్లు కదా అన్నాడట ప్రవక్త. మోసం చేసేవాడు మావాడు కాదన్నాడట.

ఫోన్ పెట్టేశాక మా బావమరిది వడ్లు గుర్తొచ్చాయి. కొనుగోలు కేంద్రంలో రాశిలో మిషన్ పెట్టి చూస్తారు. తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబొయ్యాలి. తాలుందని, మట్టి ఉందని బస్తాకు ఇంత తరుగు. వాన పడిందంటే ఎవరూ వినరు. వడ్లు అమ్మేవాడి ఐబు అక్కడికక్కడే కిలోల్లో కోతపడుతుంది. గీజర్ అమ్మేవాడి ఐబుకు మాత్రం కొన్నవాడి ఊరి నీళ్లు జవాబు చెప్పాలి.

ఇంతవరకు నేను నీతిమంతుణ్నే. చిక్కు కంపెనీ ఫిర్యాదు ఫారం నింపేటప్పుడు వచ్చింది. అందులో 'నీటి వనరు' అని ఒక గడి. మెకానిక్ పిల్లగాడే మంచితనంతో చెప్పాడు: "మున్సిపల్ నల్లా అని రాయుండ్రి సార్. బోరు అని రాస్తే అక్కడికక్కడ కొట్టేస్తరు." మా ట్యాంకులో రెండూ కలుస్తాయి. నల్లా అని రాస్తే పూర్తి అబద్ధం కూడా కాదు. ధర్మరాజు కూడా ఏనుగును అడ్డం పెట్టుకున్నాడు! కలం గడి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. వాళ్ల మాట నిలబెట్టమని అడగబోతూ నా మాటతోనే మొదలు తప్పడమా? 'బోరు, నల్లా రెండూ' అని రాశాను. రాశాక అటక మీది అట్టపెట్టె దించి చూస్తే, దాని ముఖం మీద పెద్ద అక్షరాల్లో ఉంది, కఠిన జలానికి కూడా అనువైనదని. లోపలి కార్డులో చీమతలల్లాంటి అక్షరాల్లో, సున్నం వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని. రెండింటికీ ఫోటో తీశాను.

చట్టం ఈ విషయంలో స్మృతి కంటే మెరుగు. 1986 చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వ్యాపారి తన సరుకు గురించి ఏ రూపంలో చెప్పుకున్నా, దానికి తగ్గితే లోపమే అంటుంది. అట్టపెట్టె మీది మాటా మాటే. మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, రెండేళ్ల లోపు, 5 లక్షల విలువ దాకా రుసుము లేకుండా. నేను అంతదాకా పోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, కంపెనీకి ఉత్తరం రాశాను.

ఉత్తరంలో ఎంత అడగాలి? మా లాయర్ స్నేహితుడు మొత్తం ధర, మనోవేదనకు పదివేలు రాయమన్నాడు. నాకు కలిగింది మనోవేదన కాదు, చన్నీళ్ల స్నానం. నారద స్మృతిలో ఒక లెక్క ఉంది: కొన్న రోజే వాపసిస్తే పూర్తి ధర, రెండోరోజైతే ముప్పయ్యోవంతు తగ్గింపు, మూడోరోజైతే దానికి రెట్టింపు. వాడుకున్నదానికి కట్టి, మిగిలింది అడుగు అని అర్థం. 8,400ను 24తో భాగిస్తే నెలకు 350. నాకు రావలసింది పది నెలలది. 3,500 అడిగాను. లాయర్ తల కొట్టుకున్నాడు.

నాకు వేన్నీళ్లు లేకున్నా ఫర్వాలేదు అనుకుంటే అది తృప్తి, నా సొంతం. అమ్మినాయన మాట తప్పినా ఫర్వాలేదు అనుకుంటే అందులో నా తృప్తి ఏముంది? క్షమిద్దామన్నా, ముందు బాకీ ఉన్నట్టు ఆయన ఒప్పుకోవాలి కదా. పద్దులో రాయని బాకీని కొట్టెయ్యాలంటే కలం ఎక్కడ పెట్టాలి?

రెండు ఉత్తరాలు, ఐదు ఫోన్లు, 84 రోజులు. తర్వాత ఒక పొద్దున మెసేజ్ వచ్చింది. నా ఖాతాలో 8,400 పడ్డాయి. మొత్తం. పాక్షికంగా ఇచ్చే ఏర్పాటు వాళ్ల కంప్యూటర్లో లేదట.

మా ఇంటావిడకు చూపించి, ఇందులో 4,900 మనవి కావన్నాను. 14 నెలలు వేన్నీళ్లు పోసుకున్నాం కదా. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పోనియ్యండి, దేవుడే ఇచ్చిండనుకోండి" అంది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాను. బిగించడానికి ఒకటి నొక్కండి, మరమ్మతుకు రెండు, రిఫండు అందకపోతే మూడు. వేరే అంకె లేదు కాబట్టి మూడు నొక్కాను. పది నిమిషాల పాట తర్వాత ఒక అమ్మాయి పలికింది. నెమ్మదిగా, నెలలూ రూపాయలూ లెక్కకట్టి చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"సారీ సార్, మళ్లీ చెప్తారా? మీకు రిఫండ్ రాలేదా?"