కాలిమంట దాచొద్దు

క్యాన్సర్‌కు కెపసిటాబిన్ మాత్రలు వాడే చాలామందికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, పొరలు ఊడతాయి. పాక్లిటాక్సెల్ అనే మరో క్యాన్సర్ మందు ఎక్కించుకునేవాళ్లలో కొందరికి నరాలు దెబ్బతిని కాలివేళ్లు తిమ్మిరెక్కుతాయి, సూదులు గుచ్చినట్టుంటుంది.

మంటకు వేడి, ఒరిపిడి పడవు. వేడినీళ్ల కాపడం వద్దు. చల్లని నీళ్లు, మెత్తటి వదులు చెప్పులు మేలు. డాక్టరు చెప్పిన క్రీము మరవకుండా రాయాలి. తిమ్మిరి ఉన్నవాళ్లు ఇంట్లోనూ వట్టికాళ్లతో తిరగకూడదు. ఏం గుచ్చుకున్నా తెలియదు గనక రోజూ పాదాలు చూసుకోవాలి. ఎండకు కాలిన గుడి బండల మీద ప్రదక్షిణలు కొన్నాళ్లు వాయిదా వేసుకుంటే దేవుడేమీ అనుకోడు.

మందు ఆపేస్తారేమోనన్న భయంతో కొందరు ఈ బాధను డాక్టరుకు చెప్పరు. మొదట్లోనే చెబితే మోతాదు తగ్గించో, కొద్దిరోజులు విరామమిచ్చో చికిత్సను ముందుకు నడిపే వీలుంటుంది. ముదిరితేనే చిక్కు.

రోగికి ఓర్పు ఉండాలంటారు పెద్దలు. నిజమే. ఆ ఓర్పు చికిత్సను చివరిదాకా నడిపించడానికి, నొప్పిని దాచడానికి కాదు. మంట ఎప్పుడు మొదలైంది, నడక ఎంత కష్టమవుతోంది అన్నవి చీటీ మీద రాసుకోండి. తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి ఫోన్ చేయండి.