బుద్ధికిఁ గొలబద్ద యెవ్వరిది?



"వానికి మతి చెడినది" అను మాట మన నోట మిక్కిలి తేలికగా వెడలును. కాని యీ మాటకు న్యాయస్థానపుఁ దీర్పునకున్నంత బలము గలదు. దీనివలన నొకని యాస్తి యన్యుల పాలగును. వాని సాక్ష్యము విలువఁ గోల్పోవును. వాని మొఱ యెవ్వరి చెవికిని సోఁకదు. ఇంత బలముగల తీర్పును మన మే కొలబద్దతోఁ జెప్పుచున్నామో విచారింపవలసి యున్నది.

పదుగురివలె నుండువాఁడు స్వస్థుఁడనియు, ఉండనివాఁడు రోగియనియు సామాన్యముగాఁ దలఁతుము. ఈ తలఁపునకు శాస్త్రరూప మిచ్చినవారిలో బెల్జియము దేశీయుఁడగు కెత్లే ముఖ్యుఁడు. 1835వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథమున నాతఁడు "సగటు మనుష్యుని" వర్ణించి, యాతనినే మేలిమాదిరిగా నెంచెను. కాని సగటనునది లెక్క, మేలనునది విలువ. నూర్గురి యెత్తులను గూడి నూఱింటఁ బంచినచో నొక సంఖ్య వచ్చునే గాని, మనుష్యుఁ డెంత యెత్తుండుట ధర్మమో తెలియదు. పలువుర నడవడియే బుద్ధికిఁ బ్రమాణమైనచో, బాల్యవివాహములు సాధారణమైన దినములలో వానిని నిరసించినవారే వెఱ్ఱివారు గావలసి వచ్చును.

ఈ పొరపాటు తర్కదోషముతో నాగలేదు. 1851లో అమెరికాయందు కార్ట్‌రైట్ అను వైద్యుఁడు, బానిసలు యజమానులను విడిచి పాఱిపోవుట యొక మనోవ్యాధియని వ్రాసి, దానికి గ్రీకుపదములతో నొక పేరుఁ గూడఁ గల్పించెను. స్వాతంత్ర్యకాంక్షయే రోగమాయెను! ఆ దేశముననే స్వలింగప్రేమ మనోవ్యాధుల పట్టికలోఁ జాలకాల ముండి, 1973లో మానసికవైద్యసంఘమువారి నిర్ణయముచేఁ దొలఁగింపఁబడెను. ముందునాఁడు రోగులన్నవారిని మఱునాఁడు స్వస్థులనిరి. మాఱినది వారి మనస్సులు గావు, చూచువారి దృష్టి.

అట్లైన మనోవ్యాధి యంతయు మిథ్యయేనా? 1961లో థామస్ సాజ్ అను మానసికవైద్యుఁ డిట్లే వాదించెను. మే మీ వాదము నంగీకరింపము. నెలల తరబడి నిద్ర యెఱుఁగక, అన్నము సహింపక, బ్రతుకే భారమని కుములువానియొద్దకుఁ బోయి "నీ వ్యాధి సంఘము కల్పించినది" యనుట క్రూరత్వమే. 1949లో ఆస్ట్రేలియా వైద్యుఁడగు కేడ్, లిథియపు లవణముచే నున్మాదరోగులకు నెమ్మది కలిగినదని ప్రకటించెను. నేఁటికిని ఆ యౌషధము పెక్కుమందికి మేలు చేయుచున్నది. బాధ సత్యము; చికిత్సయు సత్యము.

ఈ రెండు సత్యములను గలిపి చూడనేర్పునది ఆటిజము. 1943లో లియో కానర్ అను వైద్యుఁడు 11 మంది పిల్లల తీరును వర్ణించి దానికి వైద్యశాస్త్రమునఁ జోటు గల్పించెను. 1990 తరువాత నట్టివారు పలువురు తమ పక్షమునఁ దామే మాటలాడఁ దొడఁగిరి. మెదళ్లు భిన్నముగా నుండుట ప్రకృతివైవిధ్యమే గాని లోపము గాదని వారి వాదము, దీనినే నాడీవైవిధ్యమందురు. ఎదుటివారి కన్నులలోనికిఁ జూడని బాలుఁ డెవ్వరి కపకారము చేసెను? చప్పుడు సహింపని బాలికను జెవులు మూసికొననిచ్చిన బడికేమి నష్టము? కాని మాటలు రాక, తన్నుఁదాఁ గొట్టుకొను బిడ్డయుఁ గలఁడు. వాని తల్లికి వైవిధ్యోపన్యాసము చాలదు. తోడు కావలయును, శిక్షణ కావలయును, ఒక పూఁట విశ్రాంతి కావలయును.

కాన "వీఁడు మనవలె నున్నాఁడా?" యనునది తగిన ప్రశ్న గాదు. వీఁడు బాధపడుచున్నాఁడా? ఇతరులను బాధించుచున్నాఁడా? ఆ బాధ లోపలిదా, మనము పెట్టునదా? తన కేమి కావలెనని చెప్పుచున్నాఁడు? ఇవి యడుగవలసినవి. న్యాయవాదులమగు మేము నిత్యము చెప్పునది యొకటి గలదు: ఒకని స్వేచ్ఛను హరింపఁ గోరువానిపైననే నిరూపణభార ముండవలెను. మన దేశపు 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నీ త్రోవనే నడచినది. సంఘమునందలి నీతులకుఁ గాని, మతవిశ్వాసములకుఁ గాని యొకఁడు లొంగకుండుటను బట్టి వానిని మనోరోగిగా నిర్ణయింపరాదని యది శాసించినది.

ఈ ప్రశ్న లడుగనిచో నేమగునో 2001 ఆగస్టు 6వ తేది తెలిపినది. తమిళదేశమున రామనాథపురము జిల్లాలోని ఏర్వాడియందు, మనోరోగుల నుంచిన యొక పాకకు నిప్పంటుకొనెను. సంకెలలతోఁ గట్టఁబడియున్నందునఁ బాఱిపోలేక 28 మంది మడిసిరి. వారి కేకలు వెఱ్ఱికేకలు గావు. అగ్నిలోఁ జిక్కిన యే మనుష్యుఁడైనను వేయు కేకలవి.

2017 చట్టము సంకెలలను నిషేధించినది. కాని లజ్జచే మన మింటిగదికి వేయు గడియను జట్టము తీయలేదు. ఆఁడుపిల్ల పెండ్లి చెడునని యన్నను దాఁచువారు, బంధువులు నవ్వుదురని బిడ్డను వైద్యునికిఁ జూపనివారు మనలో లేరా? ఆ గడియను దీయవలసినది మన చేయియే. వారి ప్రక్కఁ గూర్చుండి, వారు చెప్పునది తుదివఱకు విందము. సర్వాంతర్యామియగు పరమేశ్వరుఁడు మన హృదయములఁ దొలుతఁ దెఱచుఁగాక!