పుట్టినిల్లు, గురుకులము

పువ్వు పుట్టగనే పరిమళించునను సామెతను పట్టుకొని, విద్వాంసుని కడుపున పుట్టినవాడు విద్వాంసుడగుటలో వింత యేమున్నదని మనవారు సులభముగా తేల్చివేయుదురు. నాకీ నిర్ణయమునందు తృప్తి లేదు. గౌతమీ తీరసీమయైన మా కె.గంగవరపు మండలమునను, ఏరు దాటినంతనే ఎదురగు కోనసీమ గ్రామములందును, తాతలనాటి వీణ యటకెక్కి మూగవోయిన యిండ్లు లేకపోలేదు. ఆ యిండ్ల వంశము మారలేదు. విద్య మాత్రము నిలువలేదు.

ఈ విషయము తలపునకు వచ్చినప్పుడెల్ల నా మనస్సు శంకరగుప్తమునకు పోవును. రాజోలు సీమలో, సముద్రమునకు చేరువగా నున్న యా పల్లెలో 1930 జూలై 6న మంగళంపల్లి మురళీకృష్ణ జన్మించెను. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువాదకులు, సంగీతోపాధ్యాయులు. తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. బిడ్డ పుట్టిన పక్షము దినములకే ఆ తల్లి కన్నుమూసిరి. వంశమహిమను మాత్రమే నమ్మువారు ఈ సంగతిని నిదానించి యోచింపవలెను. వీణ పలికించిన యా చేతులు శిశువునకు స్వరము నేర్పు భాగ్యమునకు నోచుకొనలేదు. ఆ లోటును కొంతయైన పూడ్చినది తండ్రి వేణునాదముతో నిండిన యింటి గాలియే.

అట్టి యింట పెరుగు పసివానికి సంగీతము పాఠము కాదు, పరిసరము. అక్షరములు దిద్దుటకు పూర్వమే శ్రుతి యన నేమో చెవికి తెలియును. తాళము తప్పినచో నెవరును చెప్పకయే యొడలికి తెలియును. శిష్యులు సరళీస్వరములను జంటస్వరములను మూడు కాలములందు వల్లించుచుండగా, తప్పునకును ఒప్పునకును గల యంతరము ప్రక్కన ఆటలాడుచున్న బాలుని మనస్సున నాటుకొనును. ఇతరుల పిల్లవాడు మాయామాళవగౌళలో ఏండ్ల తరబడి శ్రమించి సంపాదించునది వీనికి ఊపిరివలె అయాచితముగా లభించును. కాని యందే యొక ప్రమాదమును గలదు. విన్నదంతయు వచ్చినట్లే తోచును. వినికిడి పాండిత్యముగా చలామణి యగును. ఇంటివారి వాత్సల్యము అపస్వరమును సైతము ముద్దుపలుకుగా స్వీకరించును.

పట్టాభిరామయ్యగారి గొప్పతనము నాకిచ్చటనే గోచరించును. తాము విద్వాంసులై యుండియు, తమ వాద్యమునే కుమారుని చేతబెట్టి వంశము నిలుపుకొనవలెనని పట్టుబట్టక, ఆ బాలుని గాత్రమునందలి ప్రతిభను గుర్తించి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి వానిని అప్పగించిరి. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. వేంకటసుబ్బయ్యగారు సాక్షాత్తు త్యాగరాజస్వామి సన్నిధిని నేర్చినవారు. ఒక తండ్రి తన యధికారమును విడిచినందున శంకరగుప్తపు పసివానికి త్యాగరాజస్వామి నెలవైన తిరువయ్యారుతో బాంధవ్యము కలిగెను. జన్మము ఇయ్యజాలని వంశమును గురువు ఇచ్చెను. కన్నబిడ్డను మరొకరి శిక్షకు అప్పగించి తాను ప్రక్కకు తొలగుట, అందునను ఆ విద్య తనకును తెలిసియుండి తొలగుట, ఎంత నిగ్రహముతో కూడిన పనియో పిల్లలను పెంచినవారికి చెప్పనక్కరలేదు.

అటుపిమ్మటి కథ ఆంధ్రలోకమునకు విదితమే. ఎనిమిదవ యేట బెజవాడలో త్యాగరాజారాధన సందర్భమున పూర్తి కచేరి. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు మురళీకృష్ణ యను పేరునకు ముందు ‘బాల’ శబ్దమును చేర్చుట. పదునైదవ యేటనే 72 మేళకర్తలందును కృతిరచనకు పూనుకొనుట. 1952లో అవి ‘జనకరాగమంజరి’గా వెలువడుట. ఆ ఎనిమిదవ యేటి కచేరిని దృష్టాంతముగా చూపి, నేడు పసిపిల్లలను పోటీల వేదికలపైకి త్రోయువారు కలరు. ఆ పోలిక సరికాదు. అది గురుపరంపర నారాధించు సభ. అచ్చట బాలుడు పాడినది బహుమానమునకు కాదు, తాను చేరిన పరంపర యెదుట నేర్చినదానిని నివేదించుటకు. పొగడ్తకు ముందే గురుశిక్ష యాతనికి లభించియుండెను.

మా ప్రాంతపు తల్లిదండ్రులకు నా విన్నపమొక్కటే. మీ యింట పాడువారున్నను లేకున్నను, పిల్లల చెవిని పడునట్లు మంచి సంగీతమును ప్రతిదినము మ్రోగనిండు. గొంతున్నదని తోచిననాడు మెచ్చుకోళ్లతో ఇంటనే నిలిపివేయక, తప్పును తప్పని చెప్పగల గురువును వెదకి, కోటిపల్లి రేవు దాటియైనను వారి యొద్దకు కొనిపొండు.