ఆపద్ధర్మానికీ హద్దుంది

మనుష్యుడు కట్టినదేదీ శాశ్వతం కాదు. కోటలు మట్టిదిబ్బలయ్యాయి, రాజప్రాసాదాలు పునాదుల ఆనవాళ్లుగా మిగిలాయి; ఇక అప్పు చేసి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు కాలానికి అతీతమవుతుందా? అయితే కాలం కూల్చడం వేరు, మనిషి కూల్చడం వేరు. కాలాన్ని సంజాయిషీ అడిగేవారు లేరు. అధికారం చేపట్టినవాడు మాత్రం తన చేతి ప్రతి దెబ్బకూ సంజాయిషీ చెప్పుకోవలసినవాడు. ఇది కొత్తగా నేర్వవలసిన నీతి కాదు, విస్మృతి నుంచి తిరిగి మేల్కొలుపవలసిన నీతి.

ముసురు పట్టినప్పుడు పాతగోడ నానుతుంది, బీట వెడల్పవుతుంది, ఆ గోడ పక్కనే పసిపిల్లలు ఆదమరచి నిద్రిస్తారు. అట్టి వేళ నోటీసు గడువు లెక్కిస్తూ కూర్చున్న పాలకుడిది ధర్మం కాదు, ఉపేక్ష. అందుకే పురపాలక శాసనాలు ప్రమాదకర కట్టడాలపై అధికారులకు విశేషాధికారం ఇచ్చాయి. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి చట్టంలోని 456వ సెక్షన్ శిథిల భవనాన్ని బాగుచేయమనో తొలగించమనో యజమానిని ఆదేశించే శక్తిని కమిషనర్‌కు ప్రసాదించింది. ప్రాణరక్షణకై వినియోగించినంతవరకు ఆ శక్తి పవిత్రం. నేడో రేపో కూలనున్న గోడకు నిలిచిన గోడ వెల కోరడం యజమానికీ తగదు.

కాని ఆపద విచారణను వాయిదా వేయగలదే తప్ప రద్దు చేయలేదు. ఇల్లు నేలకూలిన మరుక్షణం దాని సాక్ష్యమూ నేలకూలుతుంది. స్తంభం నిజంగా పగిలిందా, పైకప్పు నిజంగా కుంగిందా అన్నది శిథిలాలు లారీలకెక్కిన తరువాత ఎవరు తేల్చగలరు? కనుక తొందర ఎంత గొప్పదైతే జాగ్రత్త అంత గొప్పది కావాలి. ఇంజనీరు నివేదిక, పంచనామా, ఛాయాచిత్రాలు యంత్రం కదలకముందే సిద్ధం కావాలి. మంచం కింది ట్రంకుపెట్టె, అందులోని దస్తావేజులు, గూటిలోని దేవుడి పటం బయటికి తెచ్చుకునే వ్యవధి ఆ కుటుంబానికి దక్కాలి.

ఈ ధర్మాన్ని న్యాయస్థానాలు పదేపదే గుర్తుచేశాయి. లండన్‌లోని వాండ్స్‌వర్త్‌లో ముందుగా తెలుపకుండా ఇల్లు కట్టాడని స్థానిక మండలి కూపర్ అనే వ్యక్తి ఇంటిని కూల్చగా, శాసనం విచారణ మాట ఎత్తకపోయినా అతని మాట వినవలసిందేనని 1863లో అక్కడి న్యాయమూర్తులు తేల్చి నష్టపరిహారానికి అర్హుణ్ణి చేశారు. బొంబాయి కాలిబాటలపై బతికే నిరుపేదల వ్యాజ్యంలో 1985లో మన సుప్రీంకోర్టు, నోటీసు లేకుండా తొలగించే అధికారం అత్యవసరానికి మినహాయింపేగాని నిత్యాచారం కారాదని వివరించింది. 2024 నవంబరు 13న అదే న్యాయస్థానం పదిహేను రోజుల నోటీసును, ప్రత్యక్ష విచారణను, వీడియో చిత్రీకరణను విధించి, ఆజ్ఞను ఉల్లంఘించిన అధికారి సొంత ఖర్చుతో ఆస్తిని పునరుద్ధరించాలని శాసించింది. రోడ్లు, కాలిబాటలు, జలాశయాల ఆక్రమణలను ఆ నియమం నుంచి మినహాయించింది కూడా. ప్రయాగ్‌రాజ్‌లో ఇళ్లు కోల్పోయినవారికి తలా పది లక్షల రూపాయలు చెల్లించమని 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది.

అధికార పీఠమెక్కిన జనులారా! లేని ఆపదను ఉన్నట్లు వ్రాయడం, కోర్టు తలుపులు మూసిన సెలవుదినం చూసి యంత్రాలను పంపడం ధర్మానికి ముసుగు తొడిగిన అధర్మం. అమీన్‌పూర్‌లో ఆదివారం నాటి కూల్చివేతను 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు నిలదీసింది ఇందుకే. బాధితుడు రిట్ పిటిషన్‌తో హైకోర్టునో, నష్టపరిహార దావాతో సివిల్ కోర్టునో ఆశ్రయిస్తే అతనిని ద్రోహిగా చూడకండి. మీరు మరచిన విచారణనే అతడు ఆలస్యంగా అడుగుతున్నాడు.

సొత్తు గల జనులారా! మీకూ నిగ్రహం విధి. పగుళ్లకు సున్నం పూసి కిరాయిదారును నమ్మించకండి. అతనిని వెళ్లగొట్టాలని ఇంటిని పాడుపెట్టకండి. పురపాలకులు భవనం కూల్చినంత మాత్రాన కిరాయి హక్కు నశించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నష్టాన్ని ఉన్నదున్నట్లు లెక్కించి అడగండి. పోయినదానికి మించి కోరితే న్యాయమైన గోడు సైతం దురాశగా కనిపిస్తుంది.

సంపద చేతులు మారుతుంది, పదవి బదిలీలతో మారుతుంది, నగరాలే రూపు మారుతాయి. అన్యాయంగా కూల్చిన ఇంటి ఋణం మాత్రం తీర్చేవరకు మారదు. ఆ ఋణం తెలిసి చేసినవాడిదైనా తెలియక చేసినవాడిదైనా, అడిగించుకోకముందే తీర్చడం ఉత్తమం, అడిగిన తరువాతనైనా తీర్చడం కర్తవ్యం.